తుడుచుకున్న విభూది

తెలుగునాట క్రైస్తవం చరిత్ర రాసినవాళ్ళు మిషనరీల పేర్లు రాసిన్రు. కట్టిన గుళ్ళ ఎత్తు రాసిన్రు. బాప్తిస్మం తీసుకున్న తలకాయల లెక్క రాసిన్రు. ఆ తలకాయలకు నుదురనేది ఒకటుంటదనీ, ఆ నుదుటి మీద పెట్టిన గుర్తును మా అవ్వలు కొంగుతో తుడుచుకొని సర్కారు దఫ్తర్లకు పోయిన్రనీ ఎవరూ రాయలే. అందుకే నేను రాస్తున్న.

ఈస్టరుకు ముందు ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు శ్రమకాలం. అది బుధవారం నాడు మొదలైతది. కేథలిక్కులు విభూది బుధవారం అంటరు, సీఎస్ఐ వాళ్ళు భస్మ బుధవారం అంటరు. అంతకుముందు ఏడు మట్టలాదివారం నాడు పంచిన మట్టలను కాల్చి, ఆ బూడిదతో ఫాదరు బొటనవేలు ముంచి నుదుటి మీద సిలువ గీస్తడు. మనిషి మన్నులోంచి వచ్చిండు, మళ్ళ మన్నులోకే పోతడని గుర్తు చేస్తడు. ఆ దినం ఒక్కపొద్దు. ఆ నలభై రోజుల్లో శుక్రవారాలు కూర ముట్టరు.

ఈ బూడిదకు ఒక చరిత్ర వుంది. మొదట్లో ఇది అందరికీ పెట్టేది కాదు. యూరపులో పెద్ద పాపం చేసినవాళ్ళను గుర్తించి, వాళ్ళ మీద బూడిద చల్లి, గోనెపట్ట కట్టించి గుడి బయట నిలబెట్టేవాళ్ళు. ఈస్టరు ముందటి గురువారం దాకా వాళ్ళకు లోపలికి రానియ్యి లేదు. అంటే అది వెలి గుర్తు. 1091లో బెనెవెంటో సభ ఆ బూడిదను గురువులైనా, మామూలు జనమైనా అందరూ పెట్టుకోవాలని చెప్పింది. వెలివేసినవాళ్ళ గుర్తును అందరి గుర్తుగా చేసిన మాట అది. ఆ మాట చదివిన నాడు నాకు మా అవ్వ ఎందుకు ఆ బూడిద కోసం అంత దూరం నడిచేదో తెలిసొచ్చింది.

మాది నల్లగొండ జిల్లా. మాదిగోళ్ళం. మా ఊర్లె దేవుడంటే దూరం నుంచి చూసేటోడు. రథం కదిలితే మేము ఊరి చివర నిలబడి దండం పెట్టాలె. డప్పు కొట్టేది మేమే, చెప్పులు కుట్టి ఇచ్చేది మేమే. గుడిగంట మాత్రం చెవులతోటి వినుడే, చేతితోటి ముట్టుడు లేదు. మాకు దేవుని దగ్గర వున్న హక్కు చూపు ఒక్కటే. అది గూడ దూరపు చూపు.

క్రైస్తవం మా వాడల్లోకి వచ్చి మొదలు తెచ్చింది మోక్షం కాదు, ముట్టుడు. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నడు. ఒంగోలు చుట్టూ మాదిగపల్లెల్లో సువార్తను కాళ్ళతో మోసింది ఆయనే. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మా వాళ్ళకు కూలి ఇప్పించిండు. అన్నం కోసం మతం మారిన్రనే మాట రావద్దని కరువు నడిచినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపిండు. కరువు తీరినంక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగిన్రు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి ఒక్కొక్కరి తల పట్టి ముంచిన్రు. 2,222 తలలను చేతులు ముట్టినయి. చరిత్రకారులు అంకె చూసిన్రు, నాకు చేతులు కనబడతయి. 1890ల్లో అదే బాప్టిస్టు మిషను నల్లగొండల పనిచేసింది. మా నాయనోళ్ళు ఆ సంఘమే.

మా అవ్వగారోళ్ళు కేథలిక్కులు. బాప్టిస్టులకు విభూది లేదు, శ్రమకాలం లేదు. అందుకని మా ఇంట్ల ఏటేటా ఒక లడాయి వుండేది.

"వాక్యంల ఎక్కడుందే బూడిద పూసుకొమ్మని?" అనేటోడు నాయన.

"నీనెవె రాజు గద్దె దిగి బూడిదల కూసున్నడని నువ్వే గదయ్యా సదివి చెప్పినవు. రాజే కూసున్నంక నాకేం నామోషి?" అనేది అవ్వ.

నాకు మాత్రం వేరే అనుమానం వుండేది. పెద్దయినంక ఒకసారి అడిగిన. "అవ్వా, మనం మట్టి అని ఊరు రోజూ చెప్పింది గదా. కాట్లె బూడిద ఎత్తిందీ మనమే. పొయ్యిల బూడిదతోటి వాళ్ళ అంట్లు తోముతున్నదీ నువ్వే. మళ్ళ గుళ్ళె గూడ నువ్వు మన్నువే అని చెప్పించుకోవాల్నా? ఆ మాట దొరకు చెప్పాలె గని మనకెందుకు?" అన్న.

ఆమె సదువుకోలే. కానీ జవాబు చెప్పింది. "దొరకు గూడ చెప్తరు బిడ్డా. ఒకటే గిన్నె, ఒకటే బూడిద, ఒకటే ఏలు. నా ముందర నిలబడ్డ ఆమె పట్టుచీర కట్టుకున్నది. ఆమెకు పెట్టిన ఏలుతోటే నాకు పెట్టిండు. కడుక్కోలే."

ఆ "కడుక్కోలే" అన్న మాటలో వున్నది మా మతమార్పిడి చరిత్ర అంతా.

అట్లని గుళ్ళో కులం లేదని నేను చెప్పను. తెలుగు కేథలిక్ సంఘంలో రెడ్లు, కమ్మలు 18వ శతాబ్దం నుంచే వున్నరు. వాళ్ళు మతం మారిన్రు గని కులం మారలే. బల్లలు వేరు, బొందలగడ్డలు వేరు, పిల్లను ఇచ్చి పుచ్చుకునేది వేరు. సంఘంల అంటరానితనం వుందని భారత కేథలిక్ బిషప్పుల సభే 2016 డిసెంబరులో తన దళిత విధాన పత్రంలో ఒప్పుకున్నది. అయినా బూడిద బుధవారం నాడు ఆ ఒక్క ఏలు అందరి నుదుళ్ళ మీద తిరిగేది. మా అవ్వ పట్టుకున్నది ఆ ఒక్కదాన్నే.

మేము బహదూర్‌పురాకు వచ్చింది 1970ల్లో. నాయన సుతారి కింద కూలి, అవ్వ నాలుగిండ్లల్ల అంట్లు తోముడు. ఇటు 1963లో తెరిచిన జూపార్కు, అటు మీరాలం చెరువు. తెల్లారగట్ల అజా వినబడేది, దాని యెనక జూల సింహం అరుపు వినబడేది, దాని యెనక మా నాయన ప్రార్థన. మా గల్లీలో ముస్లింలు ఎక్కువ, మేము పది పదిహేను ఇండ్లు. విభూది బుధవారం నాడు అవ్వ పొద్దున్నే లేచి 1578ల కట్టిన పురానాపూల్ దాటి, బేగంబజార్ మీదుగ గన్‌ఫౌండ్రీ దగ్గరి సెయింట్ జోసెఫ్ పెద్దగుడికి నడిచి పోయేది.

1990 ఫిబ్రవరి 28 విభూది బుధవారం. నేను డిగ్రీల చేరడానికి కులం సర్టిఫికెట్ కావాలె. అవ్వ గుడి నుంచి నేరుగా ఒక సర్కారు దఫ్తరుకు వచ్చింది. నుదుటి మీద నల్లటి సిలువ గీత వుంది. నేనేం అనలే. ఆమెనే గేటు పక్క నల్లా దగ్గరికి పోయి, కొంగు తడిపి, గట్టిగ రుద్ది తుడుచుకున్నది. లోపల గుమాస్తా మతం సంగతి అడగనే లేదు. హిందూ, మాదిగ అని తనే రాసుకున్నడు. ముద్ర పడ్డది. బయటికి వచ్చి కాయితం నా చేతుల పెట్టి, "దేవునికి తెలుసు లే" అన్నది.

ఆమె ఎందుకు తుడుచుకోవాల్సి వచ్చింది? 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరు మీద వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. దాంట్ల మూడో పేరా. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులం మనిషి కాడని అది చెప్పింది. 1956ల సిక్కులను చేర్చుకున్నరు. మా అవ్వ నుదురు తుడుచుకున్న ఆ 1990లనే బౌద్ధులను చేర్చుకున్నరు. క్రైస్తవులకు, ముస్లింలకు తలుపు తెరవలే. ఆంధ్రప్రదేశ్‌ల క్రైస్తవం తీసుకున్న మాల మాదిగలను వెనకబడిన కులాల్లో సి గ్రూపుగా పెట్టి ఒక్క శాతం ఇచ్చిన్రు. పదిహేను శాతం నుంచి ఒక్క శాతానికి. ఉద్యోగం సంగతే కాదు, అట్రాసిటీ చట్టం గూడ చేతికి అందదు.

విచిత్రం చూడండి. అదే బూడిద. అడ్డంగా మూడు గీతలు పెడితే హిందువు. నిలువు గీతా అడ్డగీతా కలిస్తే బీసీ-సీ. గీత మారితే కులం మారుతదని సర్కారు నమ్ముతది. ఊరు నమ్మదు. కారంచేడులో 1985 జూలై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న మా వాళ్ళను చంపినప్పుడు ఏ గుడికి పోతరని అడిగి చంపలే. గొడ్డలికి మూడో పేరా తెలియదు.

1990 తర్వాత అవ్వ ఏటా విభూది పెట్టించుకునేది, పురానాపూల్ దాటకముందే తుడుచుకునేది. నా సర్టిఫికెట్ కోసం, నా తర్వాత మా చెల్లె సర్టిఫికెట్ కోసం. ఎవరన్నా చూసి అర్జీ పెడితే పిల్లల బతుకు పోతదని భయం. అట్ల మా భక్తి రోడ్డు మీద నుంచి ఇంట్లకు వచ్చింది. ఇంట్లకు వచ్చిన భక్తికి తోడు దొరికింది రేడియో, టీవీ.

ముందు రేడియో. హిందూ మహాసముద్రంల సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో తెలుగుల వాక్యం వినిపించేది. గరగర చప్పుళ్ళ మధ్య మాట వచ్చేది, పోయేది. 1990 డిసెంబరుల పాతబస్తీ తగలబడ్డప్పుడు, కర్ఫ్యూలో పెద్దగుడికి తొవ్వ బందైనప్పుడు, దీపం ఆర్పి ఆ రేడియో పక్కనే కూసున్నం.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. మా గల్లీలో టీవీ ఒక సేటు ఇంట్ల వుండేది. 1987 జనవరి 25న రామాయణం వచ్చింది, 1988 అక్టోబరు 2న మహాభారతం. రెండూ ఆదివారం పొద్దున్నే, సరిగ్గ గుడికి పోయే యాళ్ళకు. రోడ్లు ఖాళీ. మా వాడ పిల్లలు గూడ పోయి సేటు కిటికీ ఊచలు పట్టుకొని చూసిన్రు. లోపల చాపల మీద కూసున్నవాళ్ళు వేరే, కిటికీ బయట మేము. నేను గూడ చూసిన. రథం పోతుంటే ఊరి చివర నిలబడ్డ మా తాతకూ, కిటికీ ఊచలకు ముఖం ఆనించిన నాకూ తేడా ఎంత? దేవుడు డబ్బాలకు వచ్చిండు గని మేము నిలబడే జాగ మారలే.

మా దేవుడు తెర మీద కనబడ్డది కరుణామయుడు సినిమాల. 1978ల వచ్చిన ఆ సినిమాను వాడల్లో తెల్లగుడ్డ కట్టి చూపించేవాళ్ళు. యేసుగా విజయచందర్ సిలువ మోస్తుంటే మా అవ్వలు ఏడ్చిన్రు. మొయ్యలేని బరువు మోసుకుంటూ కొరడా దెబ్బలు తినుడు వాళ్ళకు బైబిలు కథ కాదు, వెట్టి కథ. ఆ ఏడుపుల భక్తి ఎంతో, జ్ఞాపకం ఎంతో ఎవరు కొలుస్తరు?

1995ల ఈటీవీ, జెమినీ వచ్చినయి. కేబులు తీగ మా రేకుల ఇంటికి గూడ వచ్చింది. తెల్లారగట్ల గంటల లెక్కన జాగ కొనుక్కొని బోధకులు వాక్యం చెప్పేవాళ్ళు. తర్వాత ఆరాధన, శుభవార్త, రక్షణ అని క్రైస్తవ చానళ్ళే వచ్చినయి. 2008ల తిరుమల దేవస్థానం తన చానెల్ పెట్టుకున్నది. టీవీలో ఎవరి గుడి వాళ్ళకు వచ్చింది. అవ్వ స్నానం చేసి, కొంగు తల మీద కప్పుకొని, టీవీ ముందర మోకాళ్ళ మీద కూసునేది. ఫాదరు లేస్తే లేచేది. ఆమెన్ అంటే ఆమెన్ అనేది. మా నాయన నవ్వేటోడు, కొన్నాళ్ళకు తనూ పక్కన కూసున్నడు. తలుపు దగ్గరికి వేసి వుండేది. బయట కాయితం మీద మేము హిందువులం. లోపల టీవీ ముందర మేము మేమే.

టీవీకి ఒక గుణం వుంది. అది నీ కులం అడగది. ముందు బల్ల, యెనక బల్ల లేదు. చిరిగిన చీరతో చూసినా ఏమనది. ఆ మాట ఒప్పుకోవాలె. ముసలోళ్ళకు, మంచం పట్టినోళ్ళకు, మొగడు గుడికి పంపని ఆడోళ్ళకు అది గుడి అయింది. కానీ టీవీకి ఏలు లేదు. తెర మీద ఫాదరు వరుసగా నుదుళ్ళ మీద బూడిద పెడుతుంటే అవ్వ తన నుదురు ముందుకు వంచేది. అద్దానికీ ఆమెకూ మధ్య మూరెడు దూరం. ఆ మూరెడూ దాటి రాదు బూడిద. చూపు మిగిలింది, ముట్టుడు పోయింది. ఏ దూరపు చూపును వద్దనుకొని మా తాతలు ఏట్లో మునిగిన్రో, తిరిగి ఆ దూరపు చూపే మాకు మిగిలింది.

ఈ సంగతి లోకమంతా తెలుసుకున్నది 2020ల. ఆ ఏడు విభూది బుధవారం ఫిబ్రవరి 26న వచ్చింది, గుళ్ళు తెరిచే వున్నయి. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. మార్చి 27న పోపు ఫ్రాన్సిస్ వానల తడిసిన ఖాళీ మైదానంల ఒక్కడే నిలబడి ప్రార్థన చేస్తుంటే మేము బహదూర్‌పురాల కూసుని చూసినం. మరునాడు పొద్దున్నే దూరదర్శన్‌ల రామాయణం మళ్ళ మొదలైంది. ఏప్రిల్ 5 మట్టలాదివారం. మట్టలు లేవు. ఆ రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు పెట్టమని ప్రధానమంత్రి చెప్పిండు.

ఆ రోజుల్లో టీవీ ఇంకో పని గూడ చేసింది. ఢిల్లీ మర్కజ్ పేరు చెప్పి ముస్లింలే రోగం తెచ్చిన్రని రాత్రీ పగలూ అరిచింది. మా గల్లీల కూరగాయలమ్మే పిలగానిని పక్క బస్తీల పేరేందని అడిగి, బండి ముట్టనియ్యకుండా తరిమిన్రు. సామాజిక దూరం అని కొత్త మాట నేర్పిన్రు. అవ్వ విని, "గిది మనకు కొత్తనా? మన తాతల కాడికెల్లి వున్నదే గదా" అన్నది. ఒకే డబ్బాల నుంచి ఒక చానెల్ ప్రార్థన తెచ్చింది, ఒక చానెల్ వెలి తెచ్చింది. 2021 విభూది బుధవారానికి రోము కొత్త పద్ధతి చెప్పింది. గురువు చేతులు శుభ్రం చేసుకొని, ముఖానికి గుడ్డ కట్టుకొని, నుదుటిని ముట్టకుండా తల మీద బూడిద చల్లాలె. రోగం కోసం చేసిన ఏర్పాటు అది, తప్పు పట్టను. కానీ అవ్వ ఆ సంగతి విని చాలాసేపు మాట్లాడలే.

2025ల మార్చి 5 విభూది బుధవారం. ఇక్కడ రంజాన్ మార్చి 2న మొదలైంది, ఆ రోజు నాలుగో రోజా. అవ్వ అప్పటికి మంచం మీదనే వున్నది. రోములో పోపు గూడ ఆసుపత్రిలనే బూడిద పెట్టించుకున్నడని వార్తల్లో చెప్పిన్రు. మా చెల్లె గుడి నుంచి కాయితం పొట్లంల ఇంత బూడిద తెచ్చింది. టీవీల పూజ నడుస్తనే వున్నది. చెల్లె బొటనవేలుతో అవ్వ నుదుటి మీద సిలువ గీసింది. పొద్దుగూకంగ పక్కింటి ఖాలా ఇఫ్తారుకు చేసిన పండ్ల ముక్కలు, పకోడీలు గిన్నెల పెట్టుకొని వచ్చి, ఆ గీత చూసి, "మీకూ రోజానా?" అని అడిగింది. "మాకూ ఒక్కపొద్దే" అన్నది అవ్వ. ఊర్లల్ల రంజాన్ ఉపవాసాన్ని గూడ ఒక్కపొద్దులనే అంటరు. ఇద్దరికీ మాట ఒకటే, ఆకలి ఒకటే. ఖాలా ఆమె చెయ్యి పట్టుకొని కూసున్నది. ఆ రాత్రి అవ్వ విభూది తుడుచుకోలే. పిల్లల సదువులు అయిపోయినయి, ఇంక ఏ దఫ్తరుకు పోయేది లేదు. ముప్పై అయిదేండ్ల తర్వాత మొదటిసారి ఆ గీతతోటే పండుకున్నది.

ఆ నలభై రోజులు గడిచి, ఈస్టరు మరునాడు, ఏప్రిల్ 21న పోపు పోయిండు. మే 7, 8 తేదీల్లో కొత్త పోపును ఎన్నుకున్న 133 మంది కార్డినళ్ళలో మన హైదరాబాద్ ఆర్చిబిషపు పూల ఆంతోని ఒకరు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయిన మొదటి దళితుడు, మొదటి తెలుగు మనిషి. ఎర్రబట్టల వరుసలో మా రంగు ముఖం టీవీల కనబడితే అవ్వ లేపి కూసోబెట్టమన్నది. లోకానికి పోపును ఎన్నుకునే హక్కు మావాడికి వచ్చింది. కానీ మూడో పేరా లెక్కన క్రైస్తవుడైన ఆయన షెడ్యూల్డు కులం మనిషి కాడు. రోము దళితుడని గుర్తుపట్టిన మనిషిని ఢిల్లీ కాయితం గుర్తుపట్టది.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007ల మతంతో ముడి తీసేయమని చెప్పింది. 2022 అక్టోబరుల బాలకృష్ణన్ కమిషన్ వేసి, దానికి గడువు మీద గడువు పెంచుకుంటూ వచ్చిన్రు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిల దళిత క్రైస్తవులను చేర్చమని తీర్మానం చేసింది. 2024 నవంబరు 26న, రాజ్యాంగ దినం నాడు, పుదుచ్చేరి ఆడమనిషి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుడు రాజ్యాంగాన్ని మోసం చేసుడే అన్నది.

మోసం ఎవరిది? నుదురు తుడుచుకున్న అవ్వదా, తుడుచుకోక తప్పని చట్టందా? మేము దేవుణ్ణి మార్చుకున్నం. ఊరు మమ్మల్ని చూసే చూపు మారలే. చూపు మారనప్పుడు ఆ చూపు చేసిన గాయానికి ఇచ్చే మందు మాత్రం మతం అడిగి ఎందుకు ఇస్తరు? టీవీలో ఎన్ని గుళ్ళైనా చూడొచ్చు, తలుపు వేసుకొని ఎన్ని పూజలైనా చెయ్యొచ్చు. మేము అడిగేది తలుపు తీసి నడిచే హక్కు. నుదుటి మీద బూడిదతోటే దఫ్తరు మెట్లెక్కి, నేను మాదిగను, నేను క్రైస్తవురాలిని అని రెండు మాటలూ ఒకే నోటితో చెప్పే హక్కు. మా అవ్వకు అది దొరకలే. మా చెల్లె బిడ్డ ఇప్పుడు ఇంటర్ల వున్నది. రేపు సర్టిఫికెట్‌కు పోవాల్సింది ఆమె.